పని చేసే కాళ్ళకు మళ్ళీ నడక ఎందుకు?
(వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటేడు ఇదే హాల్లో నేను సైటు జాగ్రత్తల మీద మాట్లాడాను. హార్నెస్ ఎట్ల కట్టుకోవాలి, గుంతలోకి దిగేముందు మట్టి గోడను ఎట్ల చూసుకోవాలి, ఎండలో నీళ్ళు ఎన్నిసార్లు తాగాలి, ఇవన్నీ చెప్పాను. ఈసారి కమిటీ వాళ్ళు ఆదివారం గురించి చెప్పమన్నారు. సెలవు రోజున పెద్ద ఖర్చు లేకుండా మనవాళ్ళు ఎక్కడికి పోవచ్చు, ఏం చూడవచ్చు అని. నేను డాక్టర్ను కాదు, గైడునూ కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, ఏడేళ్ళు గల్ఫులో, ఆ తర్వాత ఇక్కడ, సైట్ల మీద సూపర్‌వైజర్‌గా బతుకుతున్నవాణ్ణి. నా కాళ్ళతో తిరిగి చూసింది, దాని గురించి చదివి తెలుసుకున్నది, అంతే చెప్తాను.

ముందు ఒక మాట అడుగుతాను. నేపర్‌విల్ చుట్టుపక్కల మూడేళ్ళకు పైగా ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. వీళ్ళలో అరోరా బాలాజీ గుడికి పోయినవాళ్ళు? అందరూ. లెమాంట్ రాముల వారి గుడికి? దాదాపు అందరూ. ఆ లెమాంట్ గుడి గుట్ట మీద ఉంది కదా, దాని కింద లోయలో ఒక పాత కాలువ ఉంది. అది చూసినవాళ్ళు? ముగ్గురు. సంతోషం. మిగతా మనకందరికీ ఈ ఊరంటే ఏంది? రూము, పని, దేశీ కిరాణా, గుడి, మళ్ళీ రూము. అన్నీ పార్కింగ్ లాట్లే. ఇక్కడి మట్టి మీద కాలు పెట్టింది తక్కువ.

"రోజుకు పది గంటలు నిలబడేవాణ్ణి, ఆదివారం కూడా నడవమంటావేందన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. సైటు మీద మనం నడిచేది మన నడక కాదు. కన్ను కింద మేకు మీద ఉంటుంది, చెవి వెనక వచ్చే లోడర్ మీద ఉంటుంది, మనసు సాయంత్రంలోపు అయిపోవాల్సిన పని మీద ఉంటుంది. కౌంటర్ వెనక నిలబడేవాళ్ళకు ఆ నాలుగడుగుల జాగానే లోకం. బండి నడిపేవాళ్ళు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు కూర్చున్నచోటనే ఉంటారు. ఎవరూ తొందరపెట్టకుండా, ఎవరికీ లెక్క చెప్పకుండా, చేతిలో ఏ సామానూ లేకుండా రెండు గంటలు నడవడం వేరే సంగతి. అలసట రెండింట్లోనూ ఉంటుంది. కానీ ఆదివారం అలసటకు రాత్రి నిద్ర పడుతుంది.

ఇంకో కారణం ఉంది. అది చెప్పడానికే నేను ఈ మైకు తీసుకున్నాను. మన పనుల్లో చలికాలం సన్నగిల్లుతుంది. కాంక్రీటు పోయలేని రోజులు వస్తాయి, గంటలు తగ్గుతాయి, ఇంటికి పంపే డబ్బు తగ్గుతుంది. ఊళ్ళో అప్పు మాత్రం తగ్గదు. రెండేళ్ళ కింద మా అపార్టుమెంట్ల దగ్గర ఒక తమ్ముడు ఇంటి నుంచి వచ్చే ఫోన్లు ఎత్తడం మానేశాడు. పంపడానికి డబ్బు లేదు, అమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు. తలుపు వేసుకుని పడుకునేవాడు. అన్నం తీసుకుపోయి ఎదురుగా కూర్చుని "ఏమైందిరా" అంటే "ఏం లేదన్నా" అనేవాడు. ఒక ఆదివారం బలవంతంగా జాకెట్ తొడిగి నది ఒడ్డుకు తీసుకుపోయాం. గంటసేపు ఒక్క మాట లేదు. తర్వాత తనే మొదలుపెట్టాడు. ఎంత అప్పు, ఎవరి దగ్గర, వడ్డీ ఎంత, అన్నీ చెప్పాడు. ఎదురెదురుగా కూర్చుంటే నోటికి రాని మాట పక్కపక్కన నడుస్తుంటే వస్తుంది. మొహం చూడనక్కర లేదు గదా.

నడిస్తే అప్పు తీరదు. ఆ అప్పు సంగతి ఈ వేదిక పెద్దలే ఊళ్ళో వాళ్ళతో మాట్లాడి గడువు పెట్టించారు. కానీ ఆ మాట బయటికి రావడానికి నడక అక్కరకు వచ్చింది. ఒంటరితనం చాలా ముదిరి, బతకాలని లేదు అనేదాకా వస్తే, ఈ దేశంలో 988 నంబరు ఉంది. ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు, ఎప్పుడైనా ఎత్తుతారు. ఆ నంబరు రాసుకోండి. పక్కవాళ్ళ కోసమైనా రాసుకోండి.

ఇక ఎక్కడికి పోవాలో చూద్దాం.

మంచు వెళ్ళిపోయిన నేల

మనవాళ్ళకు నడక అంటే కొండ. అలిపిరి మెట్లెక్కి తిరుమల పోయినవాళ్ళం, నల్లమల దాటి శ్రీశైలం పోయినవాళ్ళం. సినిమా పాటల్లో స్విట్జర్లాండ్ చూసి, నడిస్తే అక్కడ నడవాలి, మంచుకొండల కింద పచ్చిక మీద, అనుకున్నవాళ్ళం. ఇల్లినాయి చూస్తే అరచేయిలాగా ఉంటుంది. ఇందులో చూడటానికి ఏముంది అనిపిస్తుంది.

అయితే ఈ నేలను కూడా చదును చేసింది మంచే. ఆల్ప్స్ పర్వతాల్లో ఇప్పటికీ కనిపించే హిమానీనదాల కన్నా ఎన్నో రెట్లు పెద్ద మంచు పలక ఒకప్పుడు ఈ ప్రాంతమంతా కప్పి ఉండేది. అది పెద్ద బుల్‌డోజర్ లాగా నేలను గీకి, ముందుకు నెట్టిన మట్టినీ రాళ్ళనూ కుప్పలుగా వదిలి వెనక్కి పోయింది. మనం చూసే చిన్న చిన్న మిట్టలు ఆ కుప్పలే. కరిగిన నీళ్ళు ఒక్కసారిగా పారినచోట లోయలు పడ్డాయి. లెమాంట్ గుడి గుట్ట ఎత్తుగా కనిపించడానికి కారణం కింద డెస్‌ప్లెయిన్స్ నది లోయను ఆ నీళ్ళు కోయడమే. గుంత తవ్వినప్పుడు పైన నల్లమట్టి, కింద బంక, దాని కింద గుండ్రటి గులకరాళ్ళు వస్తాయి కదా, ఈ కథంతా ఆ పొరల్లో ఉంది. తవ్వేవాళ్ళం మనం. చదివే హక్కు కూడా మనకే ముందు ఉంది.

మనుషులు కట్టిన కొండ

మొదట దగ్గరిది చెప్తాను. వారెన్‌విల్‌లో బ్లాక్‌వెల్ అడవి ఉంది. అందులో మౌంట్ హాయ్ అని ఒక కొండ. దాదాపు 150 అడుగుల ఎత్తు. ఎక్కితే చుట్టుపక్కలంతా కనిపిస్తుంది. ఆ కొండ దేవుడు పెట్టింది కాదు, చెత్తతో కట్టింది. 1960లలో మొదలుపెట్టి, జిల్లా చెత్తను ఒక పొర, బంకమన్ను ఒక పొర వేసి పేర్చారు. కంకర తవ్విన గుంత చెరువైంది. చెత్త పోసిన కుప్ప కొండైంది. చలికాలం పిల్లలు దాని మీద నుంచి ట్యూబుల్లో జారుతారు. అదే అడవిలో 1977లో బంకమన్ను తవ్వుతున్న పనివాళ్ళకు పెద్ద ఎముకలు దొరికాయి. చూస్తే మామత్, అంటే మంచుయుగం నాటి బొచ్చు ఏనుగు. తవ్వినవాడు పార ఆపి చూడబట్టి అది బయటపడింది. సైటు మీద మన కంటికి ఏదైనా తేడాగా కనిపిస్తే పని ఆపి చెప్పాలని నేను కుర్రవాళ్ళకు చెప్పేటప్పుడు ఈ కథ కూడా చెప్తాను.

ఈ బ్లాక్‌వెల్ లాంటివి డ్యూపేజ్ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. 1915లో పెట్టిన ఫారెస్ట్ ప్రిజర్వ్ సంస్థ వీటిని చూసుకుంటుంది. లోపలికి పోవడానికి టికెట్ లేదు, పార్కింగ్‌కు డబ్బు లేదు. పొద్దు పొడిచిన గంట తర్వాత తెరుస్తారు, పొద్దు గుంకిన గంట తర్వాత మూసేస్తారు. ఇది ప్రజల భూమి. ఎవరి పెరడూ కాదు. ఎవరైనా "ఇక్కడేం పని" అంటారేమో అని కొందరు భయపడతారు. నడవడమే పని అని చెప్పండి. అయితే 18 ఏళ్ళు దాటిన విదేశీయులు తమ నమోదు కాగితం వెంట ఉంచుకోవాలని ఇక్కడి చట్టం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కార్డు, వీసా మీద ఉన్నవాళ్ళు ఐ-94 జేబులో పెట్టుకునే బయలుదేరండి.

ఊరి నడుమ నది

కారు లేనివాళ్ళకు మొదటి నడక రివర్‌వాక్. నేపర్‌విల్ మెట్రా స్టేషన్ నుంచి నడిచి పోవచ్చు, 20 నిమిషాలు. జోసెఫ్ నేపర్ అనే ఆయన 1831లో కొన్ని కుటుంబాలతో వచ్చి డ్యూపేజ్ నది పడమటి పాయ ఒడ్డున దిగాడు. ఊరికి ఆయన పేరే. అంతకు ముందు ఇది పొటావాటమి ప్రజల నేల. 1833 షికాగో ఒప్పందంతో వాళ్ళను ఇక్కడి నుంచి మిసిసిపీ అవతలికి పంపించేశారు. ఊరు పుట్టిన కథ చెప్పేటప్పుడు ఊరు ఎవరిదో కూడా చెప్పుకోవాలి.

ఊరికి 150 ఏళ్ళు నిండిన సందర్భంగా 1981లో ఈ రివర్‌వాక్ కట్టారు. చాలా పని ఊరివాళ్ళే స్వచ్ఛందంగా చేశారు. ఇప్పుడు పొడవు 1.75 మైళ్ళు, అంటే మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. దారిలో సెంటినియల్ బీచ్ వస్తుంది. బీచ్ అన్నారు గానీ అది పాత సున్నపురాయి క్వారీ. రాయి తీసిన గుంతను 1930లలో ఈతకు మార్చారు. పక్కన ఎత్తైన గంటల గోపురం ఉంది, 72 గంటలు ఉంటాయి. వేసవి సాయంత్రం అవి మోగుతుంటే బెంచీ మీద కూర్చోవడానికి రూపాయి ఖర్చు లేదు.

కాలువ తవ్వినవాళ్ళు

ఇప్పుడు ఆ ముగ్గురు చూసిన కాలువ దగ్గరికి వస్తాను.

1836 జూలై 4న షికాగో దగ్గర ఒక కాలువకు పార వేశారు. పేరు ఇల్లినాయి మిషిగన్ కాలువ. మిషిగన్ సరస్సు నుంచి ఇల్లినాయి నది దాకా, అక్కడి నుంచి మిసిసిపీలోకి పడవలు పోవాలని. పొడవు 96 మైళ్ళు. పైన వెడల్పు 60 అడుగులు, లోతు 6 అడుగులు. పడవలను ఎత్తడానికీ దించడానికీ 15 లాకులు. జేసీబీ లేదు, టిప్పర్ లేదు. పార, గునపం, ఒంటిచక్రం బండి, రాతికి మందుగుండు. తవ్వినవాళ్ళలో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు. గుడిసెల్లో ఉన్నారు, చలి జ్వరాలతో, కలరాతో చచ్చిపోయారు. ఎంతమందికి సమాధి రాయి కూడా లేదు.

1837లో దేశమంతా బ్యాంకులు దెబ్బతిన్నాయి. రాష్ట్రం దగ్గర డబ్బు అయిపోయింది. కూలీలకు నగదు బదులు కాగితాలు ఇచ్చారు. ఆ కాగితం విలువ బజార్లో పడిపోయింది. చేసిన పనికి జీతం రాని బాధ మనలో కొందరికి తెలుసు. గల్ఫులో నేను పనిచేసిన ఒక కంపెనీలో నాలుగు నెలలు అదే కథ. కొందరు ఆ కాగితాలు పెట్టి కాలువ ఒడ్డున భూమి కొనుక్కుని అక్కడే నిలబడిపోయారు. 1840లు మొదలయ్యాక పని పూర్తిగా ఆగిపోయింది. మళ్ళీ 1845లో అప్పు దొరికాక మొదలైంది. ఖర్చు తగ్గించడానికి లోతు తవ్వే ప్లాను మార్చి, తక్కువ లోతుతో సరిపెట్టారు. డబ్బు చాలకపోతే డ్రాయింగు మారడం మనకు కొత్త కాదు కదా!

1848లో కాలువ తెరిచారు. 1840లో షికాగో జనాభా 4,500 కూడా లేదు. 1860 నాటికి లక్ష దాటింది. అందులో రైళ్ళ పాలు కూడా ఉంది, కానీ మొదటి తోపు ఈ కాలువదే. ఐదారేళ్ళకే పక్కన రైలు వచ్చి ప్రయాణికులను తీసుకుపోయింది. సరుకు పడవలు చాలాకాలం తిరిగి, 1933లో కాలువ మూతపడింది. 1984లో ఈ కాలువ దారినంతా జాతీయ వారసత్వ మార్గంగా ప్రకటించారు. ఈ దేశంలో అలాంటి గుర్తింపు పొందిన మొదటిది ఇదే. కంచరగాడిదలూ గుర్రాలూ పడవలను లాగిన ఒడ్డు ఇప్పుడు చాలాచోట్ల నడకదారి.

ఇదే ఏళ్ళలో మన దగ్గర ఏం జరుగుతుందో గుర్తు చేస్తాను. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పేరు మనకు తెలుసు, గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహం ఉంది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు తెలియవు. 1876 నుంచి వచ్చిన ధాత కరువులో కూలి పనిగా బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించారు. దానికి గవర్నరు పేరు పెట్టారు. నాది పాలమూరు జిల్లా. మా తాత గుంపు మేస్త్రీ వెంట నాగార్జునసాగర్ పనికి పోయినవాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు అక్కడ శంకుస్థాపన చేశారు. ఆ మాట పుస్తకంలో ఉంది. మా తాత తట్ట మోసిన మాట మా ఇంట్లో మాత్రమే ఉంది.

అందుకే ఈ కాలువ ఒడ్డున నడుస్తుంటే నాకు పరాయిచోటు అనిపించదు. లెమాంట్ ఊరి తూర్పున సాగ్ బ్రిడ్జి దగ్గర గుట్ట మీద సెయింట్ జేమ్స్ చర్చి ఉంది. పసుపు సున్నపురాయితో 1850లలో కట్టారు. ఐరిష్ కాలువ కూలీలు తమకోసం కట్టుకున్న గుడి అది. చుట్టూ వాళ్ళ సమాధులు. మెల్లగా పోయి, నిశ్శబ్దంగా చూసి రండి. ఇంకొకరి గుళ్ళో ఎట్ల ఉండాలో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

రాయి కథ

కాలువ తవ్వుతుంటే లెమాంట్ దగ్గర మంచి రాయి బయటపడింది. క్వారీలు పెట్టారు. అప్పట్లో ఆ ఊరి పేరు ఏథెన్స్. వ్యాపారులు సున్నపురాయిని "ఏథెన్స్ పాలరాయి" అని అమ్మారు. మార్కెటింగ్ అప్పుడూ ఇంతే! షికాగో డౌన్‌టౌన్‌లో 1869 నాటి వాటర్ టవర్ చూశారు కదా, 1871 అగ్నిప్రమాదంలో చుట్టుపక్కలంతా కాలినా నిలబడింది. అది ఈ లోయ రాయే.

ఈ క్వారీల్లో పనివాళ్ళు 1885 మే నెలలో కూలి కోసం సమ్మె చేశారు. ప్రభుత్వం మిలీషియాను పంపింది. కాల్పులు జరిగి కార్మికులు చనిపోయారు. ఇప్పుడు ఆ క్వారీల గుంతల నిండా నీళ్ళు, చుట్టూ చెట్లు, నడకదారులు. హెరిటేజ్ క్వారీస్ అంటారు. బాతులు తిరుగుతుంటాయి. చూసేవాళ్ళకు అందమైన చెరువు. ఈ కథ తెలిసి నడిస్తే కళ్ళు గోడ వైపు పోతాయి. రాతి అంచులను దగ్గరగా చూడండి, రాయి పొరలు పొరలుగా ఎట్ల విడిపోయిందో తెలుస్తుంది.

గుడి నుంచి ఇంకా దగ్గరిది వాటర్‌ఫాల్ గ్లెన్. ఆర్గాన్ లేబొరేటరీ చుట్టూ ఉన్న అడవి. పెద్ద చుట్టు 9.5 మైళ్ళు, 15 కిలోమీటర్లు. మొదటిసారి పూర్తిగా తిరగాలని పంతం పట్టకండి. పేరు జలపాతం నుంచి వచ్చిందనుకుంటాం, కాదు. వాటర్‌ఫాల్ అనే ఇంటిపేరు ఉన్న ఒకప్పటి అధ్యక్షుడి పేరు పెట్టారు. జలపాతం మాత్రం నిజంగానే ఉంది, చిన్నది. దాన్ని ఆ రూపానికి తెచ్చింది 1930లలో సీసీసీ కుర్రాళ్ళు.

ఈ సీసీసీ సంగతి మనవాళ్ళు తెలుసుకోవాలి. 1933లో, పనుల్లేని కరువుకాలంలో, ప్రభుత్వం యువకులను క్యాంపుల్లో పెట్టి అడవుల్లో పని చేయించింది. 1942 దాకా నడిచింది. నెలకు 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్ల దాకా నేరుగా ఇంటికి పంపేవారు. చేతికి వచ్చేది ఐదు. మనం నెలాఖరున చేసే లెక్కే ఇది!

జలపాతాలున్న రాతిలోయలు

నిజంగా కొండ కావాలి అనేవాళ్ళకు స్టార్వ్‌డ్ రాక్. యూటికా దగ్గర, ఇక్కడి నుంచి కారులో గంటన్నర లోపు. 1911 నుంచి స్టేట్ పార్కు. ఇల్లినాయి నది పక్కన 125 అడుగుల ఇసుకరాతి గుట్ట, దాని వెనక 18 రాతిలోయలు. మంచు కరిగిన వరద కోసిన లోయలు ఇవి. వానలు పడ్డాక ఏప్రిల్, మే నెలల్లో జలపాతాలు బాగుంటాయి. చలికాలం అవే గడ్డకట్టి గాజు స్తంభాల్లాగా నిలబడతాయి. 1680లలో ఫ్రెంచివాళ్ళు ఈ గుట్ట మీద కోట కట్టారు. నదికి అవతల ఇల్లినాయి తెగల పెద్ద ఊరు ఉండేది. రాష్ట్రానికి పేరు ఆ జనం నుంచే వచ్చింది. అక్కడి లాడ్జి, చాలా దారులు ఆ సీసీసీ కుర్రాళ్ళ చేతిపనే. దుంగల కట్టడం చూస్తే మన కార్పెంటర్లు ఊరికే రారు, కొలతలు తీసుకునే వస్తారు.

ఒక ఉత్తరంతో వచ్చిన దారి

చివరగా మన ఊరి ఆవిడ గురించి. మే వాట్స్ అని, డేనిష్ వలసదారుల కూతురు. నేపర్‌విల్‌లో ఉండేది, లైల్‌లోని మోర్టన్ అర్బోరేటంలో చెట్ల గురించి పాఠాలు చెప్పేది. మన పిల్లలు కొందరు ఆమె పేరున్న బడిలోనే చదువుతున్నారు. షికాగో నుంచి అరోరా, ఎల్గిన్ వైపు ఒక కరెంటు రైలు నడిచేది. 1957 జూలై 3న మధ్యాహ్నం దాన్ని ఉన్నపళంగా ఆపేశారు. పొద్దున పనికి పోయినవాళ్ళకు సాయంత్రం ఇంటికి రావడానికి రైలు లేదు. పట్టాలు తీసేశాక ఆ జాగా పాడుపడి ఉంది. 1963లో మే వాట్స్ పత్రికకు ఒక ఉత్తరం రాసింది. ఈ జాగా ఎవరో ఆక్రమించుకునే లోపు దీన్ని నడకదారి చేద్దాం అని. ఇంగ్లండ్‌లో కాలిబాటలు చూసి వచ్చిన మనిషి. ఊళ్ళవాళ్ళు కదిలారు, ముళ్ళపొదలు కొట్టారు, అనుమతులు తెచ్చారు. ఇప్పుడు అది ఇల్లినాయి ప్రెయిరీ పాత్, 60 మైళ్ళ పైచిలుకు. వీటన్, వారెన్‌విల్, అరోరా మీదుగా పోతుంది. ఒక ఉత్తరం, కొన్ని చేతులు. మనమూ అడగవచ్చు, మనమూ కలవవచ్చు.

జాగ్రత్తలు

సూపర్‌వైజర్‌ను కదా, ఇది చెప్పకుండా మైకు ఇవ్వను.

నీళ్ళలో దిగవద్దు. ఈ దేశంలో సరస్సుల్లో, జలపాతాల దగ్గర మన తెలుగు పిల్లలు మునిగిపోయిన వార్తలు వింటూనే ఉన్నాం. ఊరి బావిలో ఈత వచ్చు అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. నీళ్ళు చల్లన, అడుగు తెలియదు, ఒరవడి కనబడదు. స్టార్వ్‌డ్ రాక్‌లో నీళ్ళలో దిగడం నిషేధం. దారి వదిలి అంచుకు పోయి ఫొటో దిగవద్దు. ఇసుకరాయి అంచు చూడటానికి గట్టిగా ఉంటుంది, కాలు పెడితే ఊడుతుంది. అక్కడ జారిపడి చనిపోయినవాళ్ళు ఉన్నారు. సైటు మీద అంచుకు రెయిలింగ్ లేకపోతే పని ఆపేస్తాం కదా, ఇక్కడా అదే నియమం.

గడ్డిలో, పొదల్లో పిడుజులు ఉంటాయి, జబ్బు తెస్తాయి. పొడుగు ప్యాంటు వేసుకోండి, ఇంటికి వచ్చి ఒళ్ళంతా చూసుకోండి, పిల్లల తలలు చూడండి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగను ముట్టుకోవద్దు, దద్దుర్లు వస్తాయి. చలికాలం ఒక లావు జాకెట్ కన్నా మూడు పల్చటి పొరలు మేలు. రోడ్డు మీద కనబడని నల్ల మంచు కాలువ ఒడ్డున కూడా ఉంటుంది. పని బూట్లతో నడవవచ్చు, కొత్త బూట్లు కొనక్కర లేదు, కానీ సాక్స్ పొడిగా ఉండాలి. ఒంటరిగా పోతే ఎక్కడికి పోతున్నారో రూములో చెప్పి పోండి. దారిలో గుర్తు నంబర్లు, బోర్డులు ఉంటాయి. 911కి ఫోన్ చేయాల్సి వస్తే ముందు ఆ గుర్తే చెప్పండి. తిన్న కవర్లు వెనక్కి తెచ్చుకోండి. మన చెత్తతో ఇంకో కొండ కట్టొద్దు.

చేయాల్సింది ఇది

కమిటీకి నా మనవి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక నడక పెడదాం. లెమాంట్, లాక్‌పోర్ట్ వైపు మెట్రా రైలు ఉంది గానీ శని ఆదివారాలు నడవదు. కాబట్టి కార్లున్నవాళ్ళు సీట్లు చెప్పండి, లేనివాళ్ళు పేర్లు చెప్పండి. పెట్రోలు పంచుకుందాం. మొదటి నెల రివర్‌వాక్, అందరూ నడవగలిగేది. ఊరి నుంచి వచ్చి నాలుగు గోడల మధ్య కూర్చున్న అమ్మానాన్నలను తీసుకురండి. రెండో నెల లెమాంట్ కాలువ, క్వారీలు. పొద్దున గుడి, తర్వాత లోయ. వసంతం వచ్చాక స్టార్వ్‌డ్ రాక్. పులిహోర, పెరుగన్నం ఎవరి వంతు వాళ్ళు తెస్తే చాలు.

పిల్లలను తప్పకుండా తీసుకురండి. మా పాప ఒకసారి "నాన్నా, నువ్వు ఏం చేస్తావు?" అని అడిగితే "ఇళ్ళు కడతాను" అన్నాను. "ఏ ఇల్లు మనది?" అంది. జవాబు చెప్పడం కష్టమైంది. ఆ తర్వాత లాక్‌పోర్ట్ తీసుకుపోయి, కాలువ లాకు రాతిగోడ చూపించాను. ఇది కట్టినవాళ్ళు కూడా దూరం నుంచి వచ్చినవాళ్ళే, ఇందులో వాళ్ళకు పడవ లేదు, అయినా గోడ నిటారుగా కట్టి పోయారు అని చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. ఆ రాయి మీద చెయ్యి పెట్టి మాత్రం చాలాసేపు నిలబడింది.

మనం కట్టే గోడల మీద మన పేర్లు ఉండవు. దాని గురించి బాధపడుతూ కూర్చోనక్కర లేదు. కానీ మనకంటే ముందు ఇక్కడ పనిచేసి పోయినవాళ్ళను పోయి చూడకపోతే, మన తర్వాత వచ్చేవాళ్ళు మనల్ని చూస్తారని ఎట్ల అనుకుంటాం? పోయి చూద్దాం, పిల్లలకు చెబుదాం, తెలుగులో రాసిపెట్టుకుందాం. వచ్చే ఏడు ఈ పుస్తకంలో ఆ నడకల మీద మీలో ఎవరో ఒకరు రాయాలి.

పేర్లు రాసుకునే కాగితం భోజనాల దగ్గర బల్ల మీద ఉంది. తినేముందు రాయండి, తిన్నాక మర్చిపోతారు.